మా అన్నకు ఊళ్లో విగ్రహం పెడతామంటున్నారు, అమ్మ వద్దంటోంది. ఏం చేయాలి?

నల్గొండ_తమ్ముడు:

అందరికీ నమస్తే. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఇది. ఇంట్లో మాట్లాడితే ఏడుపులోకి పోతుంది, ఊళ్లో మాట్లాడితే రాజకీయంలోకి పోతుంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ దగ్గర చిన్న ఊరు. మా అన్న ఆర్మీలో ఏఎస్‌సీ (సైన్యానికి సరుకులు చేరవేసే విభాగం) డ్రైవర్, నాయక్ ర్యాంకు. 2016 మార్చిలో డ్యూటీ మీద రేషన్ బండి తీసుకుపోతుంటే ఘాట్ రోడ్డులో బండి లోయలో పడి చనిపోయాడు. బార్డర్ కాదు, కాల్పులు కాదు, మామూలు పీస్ స్టేషన్. అప్పటికి అన్నకు 27 ఏళ్లు, పెళ్లిచూపులు చూస్తున్నాం. వచ్చే మార్చికి పదేళ్లు నిండుతాయి.

అన్న గురించి రెండు ముక్కలు చెప్పాలి. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి చెరువు కట్ట మీద ఉరికి, 1600 మీటర్ల పరుగు కోసం సంవత్సరంన్నర కష్టపడి సెలెక్ట్ అయ్యాడు. సెలవు మీద వచ్చినా ఇంట్లో నిలకడగా కూర్చునేవాడు కాదు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసిందే, మా నాయిన నడుము దానితోనే వంగిపోయింది. అన్న ఇంట్లో ఉన్నన్నాళ్లు పొద్దున్నే బండికి నాలుగు క్యాన్లు కట్టుకొని పోయి మంచినీళ్లు తెచ్చేవాడు, మాకే కాదు, పక్కనున్న ముసలోళ్ల ఇళ్లకు కూడా.

ఇప్పుడు ఊళ్లో యూత్ పిల్లలు పదేళ్ల వర్ధంతికి చౌరస్తాలో అన్న విగ్రహం పెడదామని బయలుదేరారు. మంచి పిల్లలు, వాళ్ల మనసులో ఏ మర్మమూ లేదు. చందాలు కూడా రాసుకున్నారు, లక్షన్నర దాకా అవుతుందట. దాని గురించి పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నప్పుడు ఒక పెద్దమనిషి అందరి ముందు అన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. "బార్డర్‌ల సచ్చిండా ఏంది, బండి బోల్తా పడి సచ్చిండు గదా, గిట్ల అందరికీ బొమ్మలు పెట్టుకుంట పోతే ఎట్ల?" అన్నాడు. నేను లేచి వచ్చేశాను, జవాబు చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చి అమ్మకు విగ్రహం సంగతి చెప్తే అమ్మ ఇంకో మాట అంది. "బొమ్మ పెడ్తె ఎండకు ఎండుతడు, వానకు తడుస్తడు. ఎనిమిదేండ్లు బయటనే నిలవడ్డడు నా కొడుకు, మల్ల బయటనే నిలవెడ్తరా?" అని లోపలికి పోయి పడుకుంది. ఆ రాత్రి తినలేదు.

అన్న పెట్టె ఒకటి ఉంది మా ఇంట్లో. నల్ల పెయింటు రేకు పెట్టె, మూత మీద తెల్ల అక్షరాలతో నంబరు, ర్యాంకు, పేరు. శవపేటిక మీద కప్పి తెచ్చిన జెండాను మడిచి అమ్మ చేతిలో పెట్టారు కదా, అది అందులోనే ఉంది, కలరా ఉండలు వేసి తెల్ల గుడ్డలో చుట్టి పెట్టింది. పెత్రమాసకు (పెద్దల అమావాస్యకు) ముందు రోజు తీసి ఎండ తగలని చోట కాసేపు ఆరబెట్టి మళ్లీ అట్లే మడత పెడుతుంది. అన్నకు కొడుకు లేడు కాబట్టి పెత్రమాస నాడు పెద్దలతో పాటు అన్న పేరున కూడా నేనే బియ్యం ఇస్తున్నాను. ఆ సాయంత్రం ఊరంతా ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతుంటే అమ్మ గడపలో కూర్చొని చూస్తుంది, దిగదు. పదేళ్లుగా ఇంతే.

నాకు తెలియాల్సినవి ఇవి: యుద్ధంలో కాకుండా డ్యూటీలో ఇట్లా చనిపోయిన వాళ్లను అమరుడు అనడం తప్పా? చౌరస్తాలో విగ్రహానికి పర్మిషన్ ఎవరిస్తారు? అమ్మను ఒప్పించమని పిల్లలు అడుగుతున్నారు, ఒప్పించాలా, ఊరుకోవాలా?

---

పాలమూరు_ఫౌజీ:

తమ్మీ, నేను వనపర్తి వైపు. 17 ఏళ్లు సర్వీస్ చేసి హవల్దార్‌గా దిగాను. నీ పోస్టు రెండుసార్లు చదివాను. ముందు ఆ పెద్దమనిషి మాటకు జవాబు నేను చెప్తా, నువ్వు పోయి ఆయనకు చెప్పినా సరే, చెప్పకున్నా సరే.

సైన్యంలో చనిపోయిన వాళ్లను కాగితాల మీద రెండు రకాలుగా రాస్తారు. శత్రువు చేతిలో గానీ, ఆపరేషన్‌లో గానీ పోతే బ్యాటిల్ క్యాజువాల్టీ. మిగతా డ్యూటీ ప్రమాదాలు, జబ్బులు అయితే ఫిజికల్ క్యాజువాల్టీ. బార్డర్‌లో, ఎల్‌ఓసీ మీద డ్యూటీలో ఉండగా మంచుచరియ మీద పడి పోయినా బ్యాటిల్ కిందికే వస్తుంది, సియాచిన్‌లో పోయిన వాళ్లు ఎక్కువమంది అట్లనే. ఈ తేడా పెన్షన్ కోసం, అలవెన్సుల కోసం పెట్టుకున్నది. బ్యాటిల్ అయితే భార్యకు ఆఖరి జీతమంత ఫ్యామిలీ పెన్షన్, డ్యూటీ ప్రమాదం అయితే 60 శాతం. అంతే. మనిషి గొప్ప ఎంతో తూచడానికి పెట్టిన తక్కెడ కాదు అది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మనం టీవీలో రోజూ వినే 'అమరుడు', 'షహీద్', 'మార్టిర్' అనే మాటలు సైన్యం రికార్డుల్లో అసలు లేనే లేవు. బార్డర్‌లో పోయినాయనకు కూడా ఆ పేరు కాగితం మీద రాయరు. కేంద్రం పార్లమెంటులోనే ఈ మాట చెప్పింది, 2022లో ఆర్మీ ఆ మాట వాడొద్దని తన వాళ్లకు లెటర్ కూడా పంపింది. కాబట్టి మీ అన్నను అమరుడు అనొచ్చా అని ఎవరి పర్మిషనూ అడగాల్సిన పని లేదు. అది జనం పెట్టుకునే పేరు. మీ ఊరు పెట్టుకుంటే పెట్టుకున్నట్టే.

ఏఎస్‌సీ డ్రైవర్ అంటే ఏంటో ఆయనకు తెలియదు తమ్మీ. నేను కాశ్మీర్‌లో తంగ్‌ధార్ వైపు పోస్టు మీద ఉన్నప్పుడు మాకు పిండి, పప్పు, నూనె, కిరోసిన్, ఇంటి నుంచి వచ్చే ఉత్తరం, అన్నీ ఆ లారీల మీదనే కింది దాకా వచ్చేవి. అక్కడి నుంచి కంచర గాడిదల మీద పైకి. ఒక్క వారం బండి రాకపోతే వంటవాడి ముఖం చూసి మాకు అర్థమయ్యేది. రాత్రి పూట లైట్లు తగ్గించి ఒకవైపు కొండ, ఒకవైపు లోయ ఉన్న రోడ్డు మీద బండి నడిపేవాణ్ని మేము సాబ్ అని పిలవకపోయినా చాయ్ మాత్రం ముందు వాడికే ఇచ్చేవాళ్లం. పీస్ స్టేషన్‌లో నడిపినా వాళ్లు నేర్చుకున్న పని అదే, పోయింది ఆ పనిలోనే.

నిజం కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నా. ఢిల్లీలో ఇండియా గేట్ పక్కన నేషనల్ వార్ మెమోరియల్ 2019 ఫిబ్రవరి 25న తెరిచారు. అందులో త్యాగ చక్ర అని గుండ్రంగా గోడలు ఉంటాయి, స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి యుద్ధాల్లో, ఆపరేషన్లలో పోయిన 25 వేల మందికి పైగా పేర్లు గ్రానైట్ రాళ్ల మీద చెక్కారు. ఒక్కో మనిషికి ఒక్కో రాయి. నువ్వు చెప్పినదాన్ని బట్టి మీ అన్న పేరు ఆ గోడ మీద ఉండదు. ఎవరైనా ఉంటుందని చెప్తే ఆశపడి అమ్మను అంత దూరం తీసుకుపోకు, అక్కడ వెతికి పేరు కనపడకపోతే ఆ తల్లి తట్టుకోలేదు.

ఇక చేయాల్సిన పనులు. నల్గొండలో సైనిక సంక్షేమ ఆఫీసు ఉంది, అమ్మ డిపెండెంట్ కార్డు, పెన్షన్ కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేవో ఒకసారి పోయి చూపించు. ఏఎస్‌సీ రికార్డ్స్ బెంగళూరులో. అన్న తీసుకోని మెడల్స్ ఏమన్నా మిగిలాయా అని నంబరు, యూనిట్ రాసి లెటర్ పెట్టండి. పదేళ్లయింది కదా ఇప్పుడేం ఇస్తారు అని ఊరుకోవద్దు.

జెండా సంగతి మాత్రం అమ్మ చేస్తున్నది నూటికి నూరుపాళ్లు సరైనది. పేటిక మీద కప్పిన జెండాను కాల్చకూడదు, పూడ్చకూడదు అని ఫ్లాగ్ కోడ్‌లోనే ఉంది. అందుకే మడిచి ఇంటివాళ్ల చేతిలో పెడతారు. అమ్మకు నా సెల్యూట్ చెప్పు.

---

దేవరకొండ_యూత్:

అన్నా, నేను మీకు దగ్గరలోనే ఉంటాను. ఫౌజీ అన్న చెప్పింది బాగుంది, కానీ విగ్రహం వద్దనే మాట నాకు మింగుడు పడడం లేదు. సూర్యాపేటలో కల్నల్ సంతోష్‌బాబు గారి విగ్రహం చూసి చెప్తున్నా. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో ఆయనతో కలిపి 20 మంది పోయారు, సరిగ్గా సంవత్సరానికి సొంత ఊళ్లో విగ్రహం లేచింది. మహావీర చక్ర కూడా వచ్చింది, తర్వాత రాష్ట్రపతి చేతుల మీదుగా వాళ్లమ్మ, భార్య తీసుకుంటుంటే మా హాస్టల్‌లో అందరం లేచి నిలబడ్డాం. మేము ఎప్పుడు సూర్యాపేట మీదుగా పోయినా ఎవడో ఒకడు బస్సులో నుంచి తల బయటపెట్టి చూస్తాడు. మా బ్యాచ్‌లో ఇద్దరు ఆర్మీ ర్యాలీకి పోయారంటే కారణం అదే.

చిన్న ఊరి డ్రైవర్ అయితే విగ్రహం ఉండకూడదా? పెద్ద ఆఫీసర్లకేనా? మన ఊళ్ల చౌరస్తాల్లో నాయకుల విగ్రహాలకు ఎవడూ లెక్కలు అడగడు, ఒక జవాను అనేసరికి ఎట్ల పోయిండు, ఏడ పోయిండు అని అడుగుతారు. మీరు వెనక్కి తగ్గితే ఆ పెద్దమనిషి మాటే గెలిచినట్టు అవుతుంది. అమ్మగారికి నెమ్మదిగా చెప్పి చూడండి, పైన గొడుగు లాగా మండపం కడతామని చెప్పండి, ఎండ వాన తగలదు.

---

కోదాడ_అక్క:

తమ్ముడూ, నేను కోదాడ నుంచి. మా ఆయన సీఆర్పీఎఫ్. పోయి పదమూడేళ్లు. వాళ్ల ఊళ్లో విగ్రహం పెట్టారు కాబట్టి అది పెట్టాక ఏమవుతుందో నేను చెప్పగలను.

పాస్‌పోర్టు ఫోటో ఇస్తే దాన్ని చూసి చేశారు. బుగ్గలు లావు, మీసం పెద్దది, ఛాతీ ముందుకు. ముసుగు తీసిన రోజు చప్పట్లు కొడుతున్నారు, మా అత్తమ్మ నా చెయ్యి పట్టుకొని "ఈయన ఎవలే?" అని అడిగింది. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. చేసినవాళ్ల తప్పు కాదు, ఆయనను చూసినోళ్లు కాదు వాళ్లు. మొదటి రెండేళ్లు ఎమ్మెల్యేలు వచ్చారు, దండలు వేశారు. తర్వాత మేము తప్ప ఎవరూ రాలేదు. ఎలక్షన్లు వచ్చినప్పుడు ఆ దిమ్మెకే ఫ్లెక్సీ తాడు కట్టారు. నేను పోయి విప్పి వచ్చాను. పెయింటు పోతే వేయించేది ఎవరు అనే మాట దగ్గర రెండు వర్గాలు కొట్లాడుకున్నాయి. పండుగకు ఊరికి పోతే ముందు బకెట్టు, గుడ్డ తీసుకొని ఆ విగ్రహం కడగడం నా పని అయింది. నాకు బరువు కాదు, కానీ అమ్మ ఈ వయసులో ఆ పని చేయాలా అని ఆలోచించు.

నాకు మనసు నిమ్మళమైన చోటు వేరే ఉంది. ఏటా అక్టోబర్ 21న పోలీసు అమరుల దినం చేస్తారు, 1959లో లద్దాఖ్ హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనావాళ్ల కాల్పుల్లో పది మంది సీఆర్పీఎఫ్ వాళ్లు పోయిన రోజు అది. పరేడ్‌లో ఆ సంవత్సరం పోయిన వాళ్లందరి పేర్లు చదువుతారు. ఎట్ల పోయారని చదవరు, పేరు చదువుతారు. ఆ ఏడు మా ఆయన పేరు మైకులో వినపడినప్పుడు నా కొడుకు, అప్పుడు వాడికి ఆరేళ్లు, "మా డాడీ పేరు" అని పక్కనున్న పిల్లాడికి చెప్పాడు. ఏడుస్తూ కాదు, గర్వంగా చెప్పాడు. పేరు బయటికి అనాలి తమ్ముడూ. మన ఇళ్లల్లో పోయినోళ్ల పేరు ఎత్తితే అమ్మ ఏడుస్తుందని ఎత్తడమే మానేస్తాం, ఫోటోకు దండ వేసి ఊరుకుంటాం. మా ఇంట్లో కూడా అట్లే రెండేళ్లు నడిచింది, అదే చాలా కష్టంగా ఉండేది.

అమ్మను ఒప్పించే ప్రయత్నం చెయ్యకు. కన్నతల్లి వద్దన్నాక ఆ బొమ్మ ఎవరి కోసం? కానీ ఒకటి అడుగుతా. అమ్మ వద్దన్నది విన్నావు. ఏం కావాలో అడిగావా? ఇన్నేళ్లలో ఆమెను ఎవరైనా అడిగారా?

---

బడి_సార్:

నేను నాగర్‌కర్నూల్ వైపు సర్కారు బడిలో సోషల్ చెబుతాను. ముందు పర్మిషన్ సంగతి, ఎవరూ చెప్పలేదు కాబట్టి. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, జనం వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు రాష్ట్ర ప్రభుత్వాలు పర్మిషన్ ఇవ్వకూడదని ఆర్డర్ ఇచ్చింది. అయినా పెడుతూనే ఉన్నారు, అది వేరే కథ. మీ చౌరస్తాలో రేపు రోడ్డు వెడల్పు చేస్తే ముందు తీసేది ఆ దిమ్మెనే. ఒక జవాను విగ్రహాన్ని జేసీబీతో తీయడం ఆ తల్లి చూడకూడదు. ఏం కట్టినా సొంత స్థలంలో కట్టండి, గ్రామ పంచాయతీ తీర్మానం కూడా చేయించి కాగితం దగ్గర పెట్టుకోండి.

ఇక మన ప్రాంతంలో చనిపోయిన వాళ్లను గుర్తుపెట్టుకునే పద్ధతి చాలా పాతది. నల్గొండ పక్కన పానగల్లు మ్యూజియానికి వీలైతే ఒకసారి పోండి, పాత శిల్పాలు చూడండి. మన రెండు జిల్లాల ఊళ్లలో గుడి దగ్గరో, పొలం గట్టు మీదో వీరగల్లులు, అంటే పోయిన వీరుల గుర్తుగా చెక్కి నిలిపిన రాళ్లు, కనపడతాయి. కింద కత్తి పట్టుకొని కొట్లాడుతున్న మనిషి, మధ్యలో ఆయనను పైకి తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం, దానికి రెండు పక్కల సూర్యుడు, చంద్రుడు. సూర్యచంద్రులు ఉన్నంత కాలం ఈ మనిషి పేరు ఉండాలని. అందులో రాజులు తక్కువ. ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పడి పోయిన మామూలు మనుషులకు కూడా రాయి నిలిపారు. కాబట్టి యుద్ధంలో పోతేనే వీరుడు అనే మాట మన పెద్దల మాట కాదని ఆ పెద్దమనిషికి ఎవరైనా చెప్పండి.

కానీ అదే రాళ్ల దగ్గర ఒక బాధ కూడా ఉంది. మా ఊళ్లో ఒక వీరగల్లు ఉంది, ఆడవాళ్లు పసుపు పూసి, బొట్టు పెట్టి, పండుగకు నైవేద్యం పెడతారు. ఎవరిదని అడిగితే పోతరాజు అంటారు, ఇంకొకరు హనుమంతుడు అంటారు. రాయి నిలిచింది, పూజ నిలిచింది, పేరు పోయింది. పసుపు పొరల కింద ఆయన ముఖం కూడా అరిగిపోయింది.

తెలంగాణ సాయుధ పోరాటం స్థూపాల దగ్గర కూడా నేను ఇదే చూశాను. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం వదిలాడు, అప్పుడు ఆ ఊరు నల్గొండ జిల్లాలోనే ఉండేది. ఆ పేరు అందరికీ తెలుసు. 1951 దాకా సాగిన ఆ పోరాటంలో పోయిన మిగతా వేల మంది పేర్లు ఊరి స్థూపాల మీద సున్నం కింద ఉన్నాయి. ఒకసారి పిల్లలను తీసుకుపోయి ఒక స్థూపం మీద పేర్లు చదివించాను. ఒక పేరు దగ్గర ఆగి, "సార్, ఈన మా తాత వాళ్ల అన్న అంట" అని ఒక పిల్ల చెప్పింది. ఆయన ఏం చేసేవాడమ్మా అంటే తెలియదు. ఇంట్లో ఎవరికీ తెలియదు.

అందుకే నా మాట ఒకటే. విగ్రహం పెట్టినా, పెట్టకపోయినా మీ అన్న సంగతులు రాసి పెట్టండి. చెరువు కట్ట మీద ఉరికింది, క్యాన్లలో నీళ్లు తెచ్చింది, ఏ కూర ఇష్టమో, ఎవరితో కొట్లాడాడో, మొదటి జీతంతో ఏం తెచ్చాడో. చెప్పగలిగినవాళ్లు ఉన్నప్పుడే రాయాలి. నాయిన గారు ఉన్నారంటున్నారు, ఆయనను కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయండి. రాసింది ఒక కాపీ మీ ఊరి బడిలో ఇవ్వండి, ఏ మాస్టారైనా ఆగస్టు 15న చదివిస్తాడు.

---

దేవరకొండ_యూత్:

సార్ చెప్పిన జేసీబీ మాట, అక్క చెప్పిన ఫ్లెక్సీ తాడు మాట చదివాక నేను వాదించలేను. నా మాట వెనక్కి తీసుకుంటున్నా అన్నా. కానీ ఏదో ఒకటి మాత్రం ఊళ్లో కనపడేటట్టు ఉండాలి, ఇంట్లో పెట్టెలోనే ఉండిపోకూడదు. ఏం చేసినా పనికి పిలవండి, నలుగురం వస్తాం.

---

నల్గొండ_తమ్ముడు:

అందరికీ దండాలు. మూడు వారాలైంది, ఏమైందో రాయకపోతే బాగుండదు.

అక్క అడిగిన మాట నన్ను రెండు రోజులు పడుకోనివ్వలేదు. నిజంగానే అమ్మను ఎవరూ అడగలేదు. పదేళ్లలో ఎమ్మార్వో ఆఫీసు నుంచి, యూనిట్ నుంచి, పార్టీల నుంచి ఎందరో వచ్చారు, అందరూ ఏదో ఇస్తామని చెప్పినవాళ్లే, నీకు ఏం కావాలమ్మా అన్నవాళ్లు లేరు, నేను కూడా అనలేదు.

ఒక రాత్రి అమ్మ చాటలో బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చొని అడిగాను. "అమ్మా, విగ్రహం వద్దు, వదిలేద్దాం. అన్న పేరు మీద నీకు ఏం చేయాలనుంది?" అన్నాను. చాలాసేపు చెరుగుతూనే ఉంది. వినలేదేమో అనుకున్నాను. తర్వాత చాట కింద పెట్టి, "బస్టాప్ కాడ మంచినీళ్లు పెట్టు. నేను పోస్త" అంది.

ఇప్పుడు మాకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నాయి, నాయిన కాలం నాటి కష్టం లేదు. కానీ ఎండాకాలం బస్టాప్‌లో బస్సు కోసం నిలబడే వాళ్లకు నీళ్లు లేవు, కొంటే బాటిల్ ఇరవై రూపాయలు. ముసలోళ్లు కొనరు, దూప మీదనే బస్సు ఎక్కుతారు. అమ్మ ఇదంతా ఎప్పటి నుంచో చూస్తూ ఉందన్నమాట. "పెద్దోడు సెలవుల మీద వస్తే ముందు నీళ్ల క్యాన్లే చూస్తుండె" అంది. ఆ తర్వాత అన్న గురించి మాట్లాడుతూనే ఉంది, రాత్రి పన్నెండు దాకా. మొదటి జీతంతో నాయినకు స్వెట్టర్ తెచ్చాడని, మన నల్గొండ ఎండల్లో స్వెట్టర్ ఎందుకురా అని నాయిన తిట్టాడని, అయినా ఆ చలికాలమంతా విప్పలేదని. నాకు తెలియని సంగతులు. సార్ చెప్పినట్టు ఫోన్‌లో రికార్డు పెట్టాను, అమ్మకు చెప్పే పెట్టాను.

యూత్ పిల్లలతో మాట్లాడాను. ముందు ముఖాలు చిన్నబుచ్చుకున్నారు కానీ అమ్మ తానే వచ్చి నీళ్లు పోస్తుందంటే ఎవరూ మారు మాట్లాడలేదు. బస్టాప్ పక్కన మా పెద్దనాయిన వాళ్ల జాగ ఉంది, అక్కడ తాటాకుల పందిరి వేస్తామన్నారు. చందా డబ్బు ఎవరిది వాళ్లకు ఇచ్చేయమన్నాను, కొందరు తీసుకోలేదు, దాంతో రంజన్లు (నీళ్ల మట్టి కుండలు), గ్లాసులు, ఇసుక. మిగిలింది బడిలో రెండు బీరువాలకు. ఆ పెద్దమనిషి కూడా పందిరికి నాలుగు వెదుళ్లు ఇస్తానని కబురు పంపాడు. తీసుకుంటున్నాం.

ఫౌజీ అన్నా, చలివేంద్రం బోర్డు మీద ఏం రాయాలి? పిల్లలు 'వీరజవాన్ అమర్ రహే' అని రాద్దామంటున్నారు.

---

పాలమూరు_ఫౌజీ:

ఆ పెట్టె మీద ఎట్లుందో అట్లనే రాయండి తమ్మీ. నంబరు, ర్యాంకు, పేరు, కింద యూనిట్. మేము ఒకరినొకరు పిలుచుకునేది అదే, ఏ ఫౌజీ బస్సు దిగినా ఆ నంబరు చూసి ఆగుతాడు. పైన మీ పిల్లలకు ఇష్టమైన మాట రాసుకోనివ్వండి, వాళ్లను కాదనకండి. సైనిక సంక్షేమ ఆఫీసుకు పోయావా లేదా అది రాయలేదు, పో.

---

కోదాడ_అక్క:

రంజన్ల కింద ఇసుక మందంగా పోసి రోజూ పొద్దున తడపండి, చుట్టూ గోనె పట్టా కట్టండి, మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటాయి. అమ్మకు కూర్చోవడానికి పీట కాదు, కుర్చీ వేయండి, మోకాళ్లు పట్టేస్తాయి. మేం మార్చిలో హైదరాబాద్ పోయేటప్పుడు అటు తిరిగి వస్తాం, నా కొడుకు వస్తానంటున్నాడు.

---

నల్గొండ_తమ్ముడు:

రండి అక్కా, తప్పకుండా రండి. నల్గొండ ఆఫీసుకు నిన్ననే పోయి వచ్చాను అన్నా, అమ్మ కార్డులో పుట్టిన తేదీ తప్పు పడింది, దిద్దడానికి కాగితం ఇచ్చాను. బెంగళూరుకు లెటర్ కూడా పోస్టు చేశాను.

మొన్న అమ్మను బండి మీద కూర్చోబెట్టుకొని పక్కనున్న మాల్ అనే ఊరికి పోయాం, రంజన్ల కోసం. నేను బేరం చేస్తుంటే అమ్మ వరుసలో ఉన్న ఒక్కోదాన్ని వంగి వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టి వింటోంది. పదిహేను దాకా కొట్టి చూసి నాలుగు పక్కకు పెట్టించింది.